అక్వేరియంలో నత్త, వరి మడికి ముప్పు: నాచు తినే నత్తలు పెంచేవారు తెలుసుకోవలసిన సంగతులు



ప్రతిసారీ ఎరువుల మోతాదు గురించో, దోమపోటు గురించో రాసే నేను ఈసారి గాజు తొట్టిలో పెంచే నత్తల గురించి రాస్తున్నాను. చేపల తొట్టికీ వ్యవసాయానికీ ఏమిటి సంబంధం అనుకోవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒక ఇంటి వరండాలో చూసిన సంగతి నా ఆలోచన మార్చింది.

కిందటి సార్వాకు ముందు, కాలువలకు నీళ్లు వదిలిన వారంలో, డెల్టాలో ఒక రైతు ఆకుమడి చూడటానికి వెళ్లాను. పని అయ్యాక ఆయన ఇంటి వరండాలో కూర్చున్నాం. మనవడి కోసం కొన్న చిన్న అక్వేరియం అక్కడే ఉంది. అందులో చేపలతోపాటు నాలుగు పసుపు రంగు నత్తలు, వాటి చుట్టూ గోరంత పిల్లలు లెక్కలేనన్ని. తొట్టి మూత లోపలివైపు లేత గులాబీ రంగులో ద్రాక్ష గుత్తిలా గుడ్లు అంటుకుని ఉన్నాయి.

"ఇవేంటి బాబాయ్ గారూ?" అని అడిగాను.

"గోడలకు పట్టిన పాచి తింటాయని పట్నంలో షాపువాడు ఇచ్చాడండి. రెండు కొంటే ఇన్నయ్యాయి. నీళ్లు వాసనొస్తున్నాయి. రేపు తొట్టి కడిగేసి ఇంటెనకాల బోదెలో పోసేద్దామనుకుంటున్నామండి" అన్నారాయన.

ఆ బోదె ఎక్కడికి వెళుతుందో ఆయనకు తెలుసు. ఆ కింద ఉన్న ముప్పై నలభై మంది ఆకుమళ్లకు నీళ్లు అదే బోదె నుంచి వెళతాయి. ఆయన సొంత ఆకుమడి కూడా అందులో ఒకటి. ఆ రోజు ఆయనతో చెప్పినదే ఇప్పుడు మీకూ కొంచెం వివరంగా చెబుతున్నాను.

ఎందుకు కొంటున్నారు?

అక్వేరియం సరదా ఇప్పుడు పట్టణాలకే పరిమితం కాలేదు. మండల కేంద్రాల్లో దుకాణాలున్నాయి. ఫోన్లో ఆర్డరు పెడితే బతికున్న చేపలు, మొక్కలు, నత్తలు పార్సిల్లో ఇంటికి వస్తున్నాయి. కొందరు చిన్న రైతులు పెరట్లో సిమెంటు తొట్లు కట్టి రంగు చేపలు పెంచి నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. ఇది మంచి పనే, తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

తొట్టిలో వెలుతురు ఎక్కువైనా, మేత మిగిలినా అద్దాలకు నాచు పడుతుంది. దాన్ని గీకే ఓపిక లేనివారికి దుకాణదారు నత్తలు చూపిస్తాడు. అమ్మేవాటిలో ముఖ్యంగా మూడు నాలుగు రకాలు ఉంటాయి.

మొదటిది నెరైట్ నత్త. చిన్నది, గుండ్రనిది, గుల్లపై చారలుంటాయి. నిజంగా అద్దం మీద నాచును గీకి తినేది ఇదే. దీని గుడ్లు తొట్టిలో తెల్లటి చుక్కల్లా అంటుకుంటాయి కానీ మంచినీటిలో పిల్లలు కావు. దాని పిల్లదశకు ఉప్పునీరు కావాలి.

రెండోది ర్యామ్‌షార్న్, అంటే పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న చదునైన గుల్ల ఉన్న నత్త. మూడోది బ్లాడర్ నత్త. గోధుమ గింజంత ఉంటుంది, కొనకపోయినా మొక్కల వెంట వచ్చేస్తుంది. ఈ రెండూ నాచు కంటే మిగిలిన మేతను, కుళ్లిన ఆకును ఎక్కువ తింటాయి. మేత ఎంత మిగిల్చితే అవి అంత పెరుగుతాయి.

నాలుగోదే మన వ్యాసానికి కారణం. దీన్ని దుకాణాల్లో మిస్టరీ స్నెయిల్, యాపిల్ స్నెయిల్, గోల్డెన్ స్నెయిల్ అని రకరకాల పేర్లతో అమ్ముతారు. నిమ్మకాయంత పెరుగుతుంది. పసుపు, నీలం, గోధుమ రంగుల్లో చూడముచ్చటగా ఉంటుంది. దక్షిణ అమెరికా జాతి. శాస్త్రీయంగా పొమేసియా ప్రజాతి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ పొమేసియాలో చాలా జాతులున్నాయి. పొమేసియా డిఫ్యూసా అనేది ఎక్కువగా నాచు, కుళ్లిన పదార్థం తింటుంది. అక్వేరియంలకు అసలు ఉద్దేశించినది ఇదే. పశ్చిమ బెంగాల్‌లో ఈ రకం నత్త బయటి నీటిలో కనిపించినట్లు 1999లోనే మన శాస్త్రవేత్తలు రాశారు. దాని దగ్గరి చుట్టం పొమేసియా కెనాలిక్యులేటా. ఇది పచ్చని లేత మొక్కను, ముఖ్యంగా వరి నారును కొరికి తింటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. మీకు అమ్మే కుర్రాడికి తేడా తెలియదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న నాకు కూడా చిన్న పిల్లను చూసి ఇది ఫలానా జాతి అని చెప్పడం కష్టం.

ఆసియా రైతులకు ఈ నత్త నేర్పిన పాఠం

ఇది మన పొలాల్లోకి వచ్చేసిందని భయపెట్టడానికి రాయడం లేదు. వచ్చిన చోట ఏం జరిగిందో చెప్పడానికి రాస్తున్నాను.

1980 ప్రాంతంలో దక్షిణ అమెరికా నుంచి ఈ బంగారు నత్తను తైవాన్‌కు తెచ్చారు. తినడానికి, పెంచి ఎగుమతి చేయడానికి పనికొస్తుందని ఆశ. అక్కడి నుంచి 1981లో జపాన్‌కు, ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌కు, థాయ్‌లాండ్‌కు చేరింది. థాయ్‌లాండ్‌లో అక్వేరియం సరదా కూడా ఒక దారి. 1980ల చివరికి వియత్నాంకూ వెళ్లింది. ఫిలిప్పీన్స్‌లో అయితే పేద రైతుకు మాంసకృత్తులు, అదనపు ఆదాయం వస్తాయని చెప్పి ప్రభుత్వమే దీని పెంపకాన్ని ప్రోత్సహించింది.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. దాని రుచి జనానికి నచ్చలేదు. ఎగుమతి మార్కెట్ నిలబడలేదు. పెంచినవాళ్లు మేపడం దండగని వదిలేశారు. కొన్ని తొట్లలోంచి వాటంతట అవే జారుకున్నాయి. కాలువల్లో పడ్డాయి, కాలువల నుంచి మళ్లలోకి వెళ్లాయి. జపాన్ 1984లోనే దీన్ని నిరోధించవలసిన పురుగు జాబితాలో చేర్చింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఫిలిప్పీన్స్‌లో 1986 నాటికి పంటకు నష్టం మొదలైంది. పదేళ్లు తిరగకుండానే లక్షల ఎకరాలకు పాకింది. 1990 నాటికి అక్కడి రైతులకు జరిగిన మొత్తం నష్టం 42.5 కోట్ల డాలర్ల నుంచి 120 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని ఒక ఆర్థిక పరిశోధన లెక్కగట్టింది. ఆ లెక్కలో దిగుబడి తగ్గడం ఒక్కటే కాదు, మళ్లీ నాట్లు వేసిన ఖర్చు, నత్తలు ఏరిన కూలి, మందుల ఖర్చు కూడా ఉన్నాయి.

ఇది పాత కథ అనుకోకండి. స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టా వరి ప్రాంతం. అక్కడ అక్వేరియం వ్యాపారం కోసం పెంచుతున్న కేంద్రం నుంచి తప్పించుకున్న ఈ ప్రజాతి నత్త 2009 ప్రాంతంలో పొలాల్లో బయటపడింది. దాన్ని చంపడానికి వరి మళ్లలోకి సముద్రపు నీరు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఉప్పునీరు పెట్టిన మడి మళ్లీ ఎప్పటికి బాగుపడుతుందో డెల్టా చివరి భూముల రైతులకు నేను చెప్పనవసరం లేదు. 2012లో యూరప్ దేశాల కూటమి పొమేసియా ప్రజాతి మొత్తాన్నీ, ఏ జాతి అనే తేడా లేకుండా, దిగుమతి చేయరాదని నిషేధించింది. 2020లో ఆఫ్రికాలోని కెన్యాలో, ఆ దేశపు ప్రధాన వరి ప్రాంతం మ్వేయాలో ఇది కనిపించింది. అంటే నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ నత్త కొత్త దేశాలకు వెళుతూనే ఉంది.

ఈ కథలో మనకు తెలిసినది ఏదో ఉన్నట్లు అనిపించడం లేదా? నాకు ఈము పక్షులు గుర్తొస్తాయి. పదిహేనేళ్ల కింద మాంసం, నూనె, ఈకలు, గుడ్లు అన్నీ డబ్బే అన్నారు. మన రైతులు అప్పులు చేసి షెడ్లు వేశారు. కొనేవాడు లేకపోయేసరికి మేపలేక వదిలేసినవారూ ఉన్నారు. ఈము వరి తినలేదు, కాలువలో గుడ్లు పెట్టలేదు కాబట్టి అది పెంచినవారి నష్టంతో ఆగింది. నత్త అలా ఆగదు. పెంచినవాడు వదిలేస్తే పెంచనివాడు నష్టపోతాడు.

మన నీళ్లలోనే ఉన్న ఉదాహరణలు

అలంకారం కోసం తెచ్చాక బయటికి వచ్చినవి మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. గుర్రపు డెక్కను చూడండి. దక్షిణ అమెరికా నుంచి అందమైన పూల మొక్కగా మన దేశానికి వచ్చింది. ఈ రోజు మురుగు కాలువల్లో నీరు పోకుండా అడ్డుపడి, వానలు పడితే చేలు మునగడానికి కారణమవుతోంది. దాన్ని తీయించడానికి ఏటా డబ్బు పోస్తూనే ఉన్నాం.

ఇంకోటి దెయ్యం చేప. ఒంటినిండా గట్టి పెంకులు, మచ్చలు ఉండే సక్కర్ చేప. ఇదీ దక్షిణ అమెరికాదే. దీన్నీ అక్వేరియంలో నాచు తినే చేప అని అమ్మారు. అడుగున్నర పెరిగాక తొట్టిలో పట్టక జనం చెరువుల్లో, నదుల్లో వదిలేశారు. ఇప్పుడు కృష్ణలో, చెరువుల్లో మత్స్యకారుల వలలు చింపుతోంది, మంచి చేపల గుడ్లు, మేత తినేస్తోంది. దీని వ్యాప్తి ఎంత ఆందోళన కలిగించిందంటే, నీటి నమూనాలోని డీఎన్‌ఏ పరీక్షించి ఈ చేప ఉందో లేదో చెప్పే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఈ చేప తెచ్చినవాడు కూడా "తొట్టి శుభ్రం చేస్తుంది" అనే మాట మీదే తెచ్చాడు.

ఈ రెండింటికీ ఉన్న పోలిక ఒకటే. కొన్నవాడు చెడ్డవాడు కాడు. చంపడం ఎందుకని జాలిపడి నీళ్లలో వదిలాడు. జాలి ఒకరిది, నష్టం ఊరందరిదీ అయింది.

మన వరికి ముప్పు ఎందుకు ఎక్కువ?

ఈ నత్త లక్షణాలు ఒకసారి చూడండి. ఒక ఆడ నత్త నెలకు 1000 నుంచి 1200 గుడ్లు పెట్టగలదు. నూటికి ఐదే బతికినా నెలకు యాభై పైగా. గుడ్లు ఒకటి రెండు వారాల్లో పొదుగుతాయి. ఆడ నత్త ఒకసారి జతకట్టాక మగ బీజాన్ని నెలల తరబడి దాచుకోగలదు. కాబట్టి "ఒక్కటే కదా వదిలింది" అనడానికి వీల్లేదు. నీరు ఎండిపోతే బురదలో దిగి, మూత బిగించుకుని ఆరు నెలల వరకు బతుకుతుంది. అంటే మన వేసవి దానికి అడ్డు కాదు. సార్వా నీరు వచ్చేసరికి లేస్తుంది.

వరిని ఇది మొదట్లోనే దెబ్బతీస్తుంది. నాటిన పైరులో మొదటి 15 రోజులు, నేరుగా విత్తిన పైరులో మొదటి 30 రోజులు ప్రమాదం. రాత్రిపూట లేత మొక్కను మొదట్లో కొరుకుతుంది. పొద్దున చూస్తే కుదుళ్లు ఖాళీగా ఉంటాయి, తెగిన ఆకులు నీటి మీద తేలుతుంటాయి. కాండం గట్టిపడ్డాక పెద్దగా ఏమీ చేయలేదు.

ఇప్పుడు మన సేద్యం ఎటు పోతోందో ఆలోచించండి. నాట్ల కూలీ భరించలేక, మనుషులు దొరక్క చాలామంది వెదజల్లే పద్ధతికి, డ్రమ్ సీడర్‌కు మారుతున్నారు. మేమూ ఆ సలహానే ఇస్తున్నాం, ఖర్చు తగ్గుతుంది కాబట్టి. కానీ ఈ నత్త ఉన్న దేశాల్లో అత్యంత ఎక్కువగా దెబ్బతిన్నది ఇలా నేరుగా విత్తిన వరే. మొలకెత్తిన గింజ నుంచి నెల రోజుల పాటు దాని నోటికి అందుబాటులో ఉంటుంది. అంటే చిన్న రైతు ఖర్చు తగ్గించుకునేందుకు దొరికిన ఒక దారిని ఈ నత్త మూసేయగలదు. నాలుగు ఎకరాలున్న ఆసామి మళ్లీ నారు కొనుక్కుని నాటుకుంటాడు. ఎకరం కౌలుకు చేసేవాడు రెండోసారి నారు ఎక్కడ తెస్తాడు? నాకు భయం ఇదే.

రెండోది మన కాలువల తీరు. డెల్టాలో ఒక మడి నుంచి ఇంకో మడికి, ఒక బోదె నుంచి ఇంకో బోదెకు నీరు కలిసే ఉంటుంది. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువుకు అన్నీ వెళతాయి. నీటితోపాటు నత్త కూడా ఊళ్లు దాటుతుంది.

మూడోది ఆరోగ్యం. ఈ నత్తల్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఉండవచ్చు. సరిగా ఉడకని నత్త మాంసం ద్వారా అది మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది. 2006లో చైనా రాజధాని బీజింగ్‌లో ఒక హోటల్లో వడ్డించిన నత్తల వల్ల వందమందికి పైగా ఈ జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. మన దగ్గర నత్తలు వండుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏ నత్తనైనా బాగా ఉడికించి తినండి. చేత్తో పట్టుకున్నాక సబ్బుతో కడుక్కోండి.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో బయటి నుంచి వచ్చి ఇక్కడి జీవాలకు, పరిసరాలకు హాని చేసే జాతుల ప్రస్తావన చేర్చారు. వాటి దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని, వ్యాప్తిని నియంత్రించే లేదా నిషేధించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే దారి ఏర్పడింది.

కానీ నా అనుభవంలో చట్టం ఓడరేవు దగ్గర, విమానాశ్రయం దగ్గర పని చేసినంత బాగా మండల కేంద్రంలోని అక్వేరియం దుకాణంలో పని చేయదు. పార్సిల్లో తడి కాగితం చుట్టి వచ్చే పది నత్తలను ఏ అధికారి విప్పి చూస్తాడు? అందుకే నా మాట ఇది. ప్రభుత్వం చేయవలసినది అమ్మకాలపై నిఘా, దుకాణాలకు అవగాహన. మనం చేయవలసినది మన ఇంటి తొట్టి నీరు కాలువలోకి పోకుండా చూసుకోవడం. రెండోదానికి ఏ జీవో అవసరం లేదు.

ఇంట్లో తొట్టి ఉన్నవారు ఏం చేయాలి?

పిల్లల సరదా మానిపించమని నేను చెప్పను. ఈ కింది జాగ్రత్తలు పాటించండి.

1. నాచుకు అసలు కారణం తగ్గించండి. తొట్టికి ఎండ నేరుగా తగలకూడదు. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చండి. అద్దానికి పట్టిన నాచును పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే పోతుంది. ఇవి చేస్తే నత్త అవసరమే రాదు. నత్త కూడా విసర్జిస్తుంది, ఆ విసర్జన మళ్లీ నాచుకు ఎరువే అని మరచిపోకండి.

2. నత్త కావాలనే అనుకుంటే నెరైట్ రకాన్నే అడగండి. మంచినీటిలో పిల్లలు పెట్టదు కాబట్టి సంతతి పెరిగే బెడద లేదు. నాచు కూడా అదే బాగా తింటుంది. ఒక చిన్న తొట్టికి రెండు చాలు.

3. నిమ్మకాయంత పెరిగే పసుపు, బంగారు, నీలం రంగు యాపిల్ నత్తలను కొనకండి. "ఇది మొక్కలు తినే రకం కాదు" అని దుకాణదారు హామీ ఇచ్చినా సరే. అతని హామీ మన నారును కాపాడదు.

4. నత్తకు గుల్ల గట్టిగా ఉండాలంటే నీటిలో సున్నం ఉండాలి. గుల్ల తెల్లబడి పొరలు ఊడుతుంటే కడిగి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకు ముక్క వేయండి. చేపల జబ్బులకు వాడే రాగి మందులు నత్తలను చంపుతాయి. చచ్చిన నత్తను వెంటనే తీసేయకపోతే నీరు కుళ్లి చేపలూ చస్తాయి.

5. తొట్టి మీద మూత ఉంచండి. నత్తలు రాత్రిపూట పైకి పాకి బయటపడతాయి. మూత లోపలివైపు, నీటి గీతకు పైన వారానికోసారి చూడండి. గులాబీ రంగు గుడ్ల గుత్తి కనిపిస్తే గీకి, నలిపి, పారేయండి. నీటిలో పారేస్తే సరిపోదు, నలపాలి.

6. ఇప్పటికే యాపిల్ నత్తలు ఉంటే వాటిని బతికుండగా ఎక్కడా వదలకండి. ఇంకొకరికి ఇవ్వకండి. మరిగే నీటిలో వేసి చంపి, గుంట తీసి పాతిపెట్టండి. ప్రాణం తీయడానికి మనసు ఒప్పదని నాకు తెలుసు. మనవడికి నచ్చజెప్పడం ఇంకా కష్టం. కానీ పురుగు పట్టిన నారును పీకి పాతిపెట్టేటప్పుడు మనం ఎంత ఆలోచిస్తామో ఇక్కడా అంతే ఆలోచించండి.

7. తొట్టి కడిగిన నీటిని బోదెలో, కాలువలో, చెరువులో పోయకండి. కాలువకు దూరంగా, పెరట్లో చెట్టు మొదట్లో మెట్ట నేల మీద పోయండి. నీరు ఇంకిపోయాక పైన ఏదైనా మిగిలిందేమో చూడండి. తొట్టిలోంచి తీసిన మొక్కలనూ ఎండబెట్టి కాల్చండి. వాటికి నత్త గుడ్లు అంటుకుని ఉంటాయి.

8. రంగు చేపలు పెంచి అమ్మే రైతులు నీరు బయటికి పోయే గొట్టానికి సన్నని కన్నాల వల కట్టి, ఇంకుడు గుంటలోకి వదలండి. తొట్లు వర్షాకాలంలో పొంగి పొర్లకుండా అంచు ఎత్తు పెంచండి. కొత్త సరుకు తెచ్చినప్పుడు రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి, నత్తలు, గుడ్లు లేవని చూసుకున్నాకే మిగతా వాటితో కలపండి.

చెరువులో దొరికే మన నత్తలను తెచ్చి తొట్టిలో వేసుకోవచ్చా అని ఒకరు అడిగారు. అదీ మంచిది కాదు. మన చెరువుల్లో ఉండే కొన్ని చిన్న నత్తలు పశువుల్లో కార్జపు జలగ వ్యాధిని మోస్తాయి. తొట్టి నీరు కుడితి గోలెం పక్కన పారబోసే అలవాటున్న ఇళ్లలో అది కొత్త తలనొప్పి.

పొలంలో ఎలా గుర్తుపట్టాలి?

మన ఊరి నత్తలన్నీ చంపమని నేను చెప్పడం లేదు. మన మళ్లలో, చెరువుల్లో ఉండే పెద్ద నత్తగుల్ల మన ప్రాంతానిదే. బాతులకు, కొంగలకు, మనుషులకూ ఆహారం. దాని మీద పొరపాటున పగ పెంచుకోకండి. తేడాలు ఇవి.

గుడ్లు చూడండి. బయటి నత్త గుడ్లు కొట్టొచ్చినట్లు కనిపించే గులాబీ రంగులో, నీటికి పైన, వరి కాండం మీద, గట్టు గడ్డి మీద, తూము గోడ మీద గుత్తులుగా ఉంటాయి. మన నత్తగుల్ల గుడ్లు తెల్లగా ఉంటాయి, గట్టు తడి మట్టిలో దాచి పెడుతుంది.

మూత చూడండి. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు గుమ్మానికి అడ్డుపెట్టే మూత మన నత్తగుల్లకు గట్టిగా, రాయిలా, సున్నంలా ఉంటుంది. బయటి నత్తకు పలుచగా, గోరులా, గోధుమ రంగులో ఉంటుంది, వేలితో నొక్కితే వంగుతుంది.

గుల్ల చూడండి. హాని చేసే బంగారు నత్త గుల్లపై చుట్టుకూ చుట్టుకూ మధ్య లోతైన కాలువ ఉంటుంది.

నారు తెగి తేలుతుంటే అది నత్తే అనుకోకండి. పీతలు, ఎలుకలు కూడా అలాగే కొరుకుతాయి. గట్టు మీద బొరియలు, గుడ్లు, నత్త గుల్లలు అన్నీ చూసి నిర్ణయించండి.

అనుమానం వస్తే?

గులాబీ గుడ్ల గుత్తి మడిలో కనిపిస్తే ముందు ఫోన్లో ఫొటో తీయండి. రెండు మూడు నత్తలను మూత ఉన్న సీసాలో వేసి, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రానికి, తెలంగాణలో రైతు వేదికలో ఏఈఓకు, లేదా దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి చేర్చండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కు కూడా చెప్పవచ్చు. తొందరగా చెప్పిన రైతే ఊరిని కాపాడతాడు. మన పరువు పోతుందని దాచవద్దు.

వరి దేశాల్లో పని చేసిన పద్ధతులు ఇవి. ఇందులో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు.

మడిలోకి నీరు వచ్చే తూము దగ్గర సన్నని వల కట్టండి. దాని దగ్గర చేరిన వాటిని ఏరండి. నాటిన తొలి రెండు వారాలు నీటిని బురద పదునుగా, రెండు సెంటీమీటర్లకు మించకుండా ఉంచండి. నీరు తక్కువైతే నత్త కదలలేదు. మడిలో అక్కడక్కడ చిన్న కాల్వలు తీస్తే నీరున్న చోటికే నత్తలు చేరతాయి, ఏరడం తేలిక. బొప్పాయి ఆకులు, అరటి ఆకులు గుట్టగా వేస్తే వాటి కింద చేరతాయి. పొద్దున, సాయంత్రం ఏరండి. మడిలో అక్కడక్కడ వెదురు పుల్లలు గుచ్చితే వాటి మీద గుడ్లు పెడతాయి, ఆ పుల్లలు తీసి గుడ్లు నలపండి. నేరుగా విత్తడం మాని 25 నుంచి 30 రోజుల ముదురు నారు నాటుకుంటే నష్టం తగ్గుతుంది.

బాతులు మంచి మందు. దమ్ము చేసేటప్పుడు, లేదా నాటిన 30, 35 రోజుల తర్వాత పైరు నిలదొక్కుకున్నాక వదలాలి. అంతకుముందు వదిలితే అవే నారు తొక్కేస్తాయి. కోతల తర్వాత మన చేలల్లోకి బాతుల మందలు తోలుకొచ్చేవారిని కాదనకండి. వాళ్లు మీ చేలో గింజలు ఏరుతున్నారని మీరు అనుకుంటారు, ఆ బాతులు నత్తలనూ ఏరుతున్నాయి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఎవరో చెప్పారని మైలుతుత్తం, టీ సీడ్ కేక్, పురుగుమందులు మడిలో గుమ్మరించకండి. నత్తతోపాటు చేపలు, కప్పలు, పక్కవాళ్ల రొయ్యల చెరువు కూడా పోతాయి. ఫిలిప్పీన్స్‌లో భయంతో మొదట్లో విచ్చలవిడిగా మందులు వాడిన రైతులు, నత్త పోకపోగా, తమ చేతులు, కాళ్లు పాడుచేసుకున్నారు. మందు అవసరమైతే అధికారి సూచించినదే, చెప్పిన మోతాదులోనే వాడండి.

చివరగా

ఆ రోజు వరండాలో ఆ పెద్దాయన నా మాట విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మనవడిని పిలిచి, "ఒరే, ఈ నత్తలు మన ఆకుమడి తినేస్తాయంటరా" అన్నారు. కుర్రాడు ఒప్పుకోలేదు. పెద్దాయన వాడిని ఆకుమడి దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు బోదెలోంచి మడిలోకి ఎలా వస్తున్నాయో చూపించారు. ఆ సాయంత్రం తొట్టి ఖాళీ చేశారు, పొయ్యి మీద నీళ్లు కాగబెట్టారు, కొబ్బరిచెట్టు కింద గుంట తీశారు. చేపలు మాత్రం ఉన్నాయి. కుర్రాడు ఇప్పుడు వారానికోసారి అద్దం తనే గీకుతున్నాడట.

మీ ఊళ్లో ఎవరి ఇంట్లో అక్వేరియం ఉందో మీకు తెలుసు. ఈ సార్వాకు, ఈ వానాకాలానికి నీళ్లు వదలకముందే వాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లండి. గొడవ పెట్టుకోకండి. మూత తీసి లోపలివైపు చూడమనండి. గులాబీ గుత్తి కనిపిస్తే ఈ వ్యాసం చదివి వినిపించండి. పురుగు చేలోకి వచ్చాక మందు కొట్టడం కంటే గడపలోనే ఆపడం తేలిక, చౌక కూడా.